పాత కుర్చీ కాలు గుండ్రంగా ఉండదు!

వానాకాలంలో తలుపు బిగుసుకుపోయి ఒక పట్టాన మూతపడదు. వేసవిలో అదే తలుపు హాయిగా పడుతుంది. ఎందుకో ఆలోచించారా? చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. అయితే అన్ని వైపులకూ ఒకేలా కాదు. పొడవు దాదాపు మారదు, మార్పంతా అడ్డంగానే. అందులోనూ చెట్టు వయసు చెప్పే వలయాల వెంబడి జరిగే కుంచింపు, నడిమి నుంచి బెరడు వైపు జరిగే కుంచింపుకు సుమారు రెండింతలు!

17వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి వెళ్ళి ఉత్తర అమెరికాలో స్థిరపడిన వడ్రంగులకు ఈ లెక్కలు తెలియవు. చెక్క గుణం మాత్రం బాగా తెలుసు. మసాచుసెట్స్, కనెక్టికట్ ప్రాంతాల్లో వారు చేసిన భోషాణాలనే తీసుకోండి. పచ్చి ఓక్ దుంగను నిలువునా చీల్చి కర్రలు తీసేవారు. ఒక కర్ర కొనను నాలుకలా చెక్కి, మరో కర్ర బెజ్జంలో దూర్చి, చెక్క చీల దిగగొట్టేవారు. ఆ అతుకులకు జిగురూ లేదు, ఇనుప మేకూ లేదు. ఇలా బిగించిన చట్రం గాడిలో పలకను మాత్రం వదులుగా నిలిపేవారు. అది ఉబ్బినా కుంచించుకున్నా పగలదు.

ఆ పలకల మీదే వారి సరదా అంతా! తులిప్ పూలు, ఆకులు, మెలికలు తిరిగిన తీగలు చెక్కేవారు. కొన్ని భోషాణాలకు, తరిణె పట్టిన కడ్డీని నిలువునా రెండు బద్దలు చేసినట్లుండే అలంకారాలు అతికించి, ఖరీదైన నల్లచేవమానులా కనిపించాలని నల్లరంగు పూసేవారు. చిన్న మోసమే అనుకోండి, అందమైన మోసం!

అసలు మోసం 20వ శతాబ్దంలో జరిగింది. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చిన విలియం బ్రూస్టర్ పేరుతో పిలిచే కుర్చీలు కొన్ని ఉన్నాయి. వాటి నిండా తరిణె పట్టిన కడ్డీలు బారులు తీరి ఉంటాయి. 1969లో ఆర్మండ్ లామొంటేన్ అనే శిల్పి అలాంటి కుర్చీనే చేసి, పాతదానిలా మార్చి వదిలాడు. 1970లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం దానిని నిజమైన పాత కుర్చీ అనుకొని 9,000 డాలర్లకు కొన్నది. 1977లో గుట్టు బయటపడింది. ఎక్స్‌రే తీస్తే రుజువూ దొరికింది. పూర్వపు బర్మా కొన చెంచాలా ఉండేది కనుక, అది తొలిచిన రంధ్రం అడుగు గుండ్రంగా ఉంటుంది. ఈ కుర్చీలోని రంధ్రాలు నేటి బర్మాతో తొలిచినవి. శిల్పి కావాలనే ఆ ఆనవాలు వదిలాడట!

ఎక్స్‌రే అక్కరలేని పరీక్ష కూడా ఒకటి ఉన్నది. పచ్చి కర్రను ఎంత గుండ్రంగా తరిణె పట్టినా, ఎండేకొద్దీ ఒక వైపు ఎక్కువగా, ఒక వైపు తక్కువగా కుంచించుకొని కాస్త కోలగా మారుతుంది. కోలగా ఉన్నంత మాత్రాన పాతదని చెప్పలేం. పచ్చి కర్రతో నిన్న మొన్న చేసినదీ ఎండాక అంతే. కాని మూడు వందల ఏళ్ళ నాటిదన్న కుర్చీ కాలు అచ్చంగా గుండ్రంగా ఉంటే అనుమానించవలసిందే.

మీ ఇంట్లో తాతలనాటి తరిణె కాళ్ళ మంచం ఉంటే, వెర్నియర్ కాలిపర్స్‌తో కాలి మందాన్ని ఒకే ఎత్తులో చుట్టూ నాలుగైదు చోట్ల కొలిచి చూడండి.