సిగ్గుతో దాచిన మాత్ర గుండెకు ముప్పు



ఈసారి రాస్తున్న సంగతి మన ఇళ్ళలో ఎవరూ పైకి మాట్లాడుకోనిది. పురుషులకు వచ్చే అంగస్తంభన లోపం గురించి, దానికి వాడే మాత్రల గురించి నాలుగు మాటలు చెప్పాలని అనుకుంటున్నాను. భార్యాభర్తలిద్దరూ చదవాలని నా మనవి.

కొన్నేళ్ళ క్రితం నేను కాజువాల్టీలో నైట్ డ్యూటీలో ఉండగా, యాభై అయిదేళ్ళ ఒకాయనను ఛాతీ నొప్పితో తీసుకువచ్చారు. ఒళ్ళంతా చెమటలు. వెంట భార్య, పెద్ద కొడుకు ఉన్నారు. డాక్టరుగారు నాలుక కింద సార్బిట్రేట్ పెట్టమన్నారు. పెట్టే ముందు, "అయ్యా, ఈ రెండు రోజుల్లో ఏమైనా మందులు వేసుకున్నారా?" అని అడిగాను. "షుగరు మాత్రలు తప్ప ఇంకేమీ లేవు సిస్టరమ్మా" అన్నారు గాని, ఆయన చూపు కొడుకు మీదికి పోయింది. "బాబూ, నువ్వూ అమ్మా వెళ్ళి చీటీ రాయించుకు రండి" అని వాళ్ళను పంపించి, తెర లాగి, మెల్లగా మళ్ళీ అడిగాను. సాయంత్రం మందుల షాపులో అడిగి ఒక మాత్ర కొని వేసుకున్నానని అప్పుడు చెప్పారు. ఆ మాట వినగానే డాక్టరుగారు సార్బిట్రేట్ ఆపించి, వేరే వైద్యం మొదలుపెట్టారు. కొద్ది రోజులకు ఆయన తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వెళ్ళారు. వెళ్ళే ముందు భార్యకు తానే ఉన్న సంగతి చెప్పుకున్నారు. ఆమె నా దగ్గరకు వచ్చి, "ఈపాటి దానికి ప్రాణం మీదకు తెచ్చుకోవాలా సిస్టరమ్మా" అని కళ్ళు తుడుచుకున్నారు.

ఇది ఎందుకు వస్తుంది?

ఇది పాపమూ కాదు, మగతనం పోవడమూ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 40 నుండి 70 ఏళ్ళ పురుషులను పరిశీలించి 1994లో ప్రకటించిన ఫలితాలలో, సగానికి పైగా మందికి ఈ ఇబ్బంది ఎంతో కొంత ఉన్నట్లు తేలింది. షుగరు, బి.పి., పొగ తాగడం, మద్యం, దిగులు, కొన్ని రకాల మందులు దీనికి ముఖ్య కారణాలు. అంగానికి రక్తం తీసుకుపోయే నాళాలు గుండె నాళాల కంటే సన్నవి. అందుచేత రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు ముందు ఇక్కడ బయటపడి, కొన్నేళ్ళ తరువాత గుండెలో కనిపించవచ్చు. కనుక ఈ ఇబ్బందితో డాక్టరు దగ్గరకు వచ్చినవారికి షుగరు, బి.పి., కొలెస్టరాల్ పరీక్షలు చేయించడం, గుండె సంగతి చూడడం ఎంతో అవసరం. బి.పి. మాత్రల వల్లనే వచ్చిందని అనుమానం వస్తే మీ అంతట మీరు వాటిని మానవద్దు. డాక్టరుగారికి చెబితే మార్చి ఇస్తారు.

మాత్ర ఎలా పనిచేస్తుంది?

సిల్డెనాఫిల్ అనే మందును మొదట గుండెనొప్పి కోసం పరీక్షించారు. అంగస్తంభన లోపానికి వాడవచ్చని 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. టాడలాఫిల్ కూడా ఈ జాతి మందే. ఇవి రక్తనాళాలను సడలించి రక్తం బాగా ప్రవహించేటట్లు చేస్తాయి. కోరికను పుట్టించవు. సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మందులు కూడా రక్తనాళాలనే సడలిస్తాయి. రెండూ ఒంట్లో కలిస్తే బి.పి. ఒక్కసారిగా పడిపోయి, మనిషి స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు.

ఎవరు వాడకూడదు?

1. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు గాని, స్ప్రే గాని, నికోరాండిల్ గాని వాడేవారు.
2. ఈమధ్య గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, నడిస్తేనే ఛాతీ నొప్పి వచ్చేవారు. వీరు డాక్టరు అనుమతి లేనిదే ముట్టుకోరాదు.
3. బి.పి. బాగా తక్కువగా ఉన్నవారు, కాలేయం బాగా చెడినవారు.
4. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య కంటి జబ్బు ఉన్నవారు.

ప్రోస్టేట్ వాపుకు టామ్సులోసిన్ వంటి మాత్రలు, ఫంగస్ మందులు, హెచ్.ఐ.వి. మందులు వాడేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. వారికి మోతాదు తగ్గించవలసి రావచ్చు.

వాడేవారు గుర్తుంచుకోవలసినవి

సిల్డెనాఫిల్ సాధారణంగా 50 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. 65 ఏళ్ళు దాటినవారికి, కిడ్నీ, కాలేయం జబ్బులున్నవారికి 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టడం వాడుక. మీకు ఎంత అనేది డాక్టరే నిర్ణయించాలి. కలయికకు సుమారు గంట ముందు వేసుకోవాలి. బిర్యానీ, వేపుళ్ళ వంటి కొవ్వు భోజనం తరువాత వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. పనిచేయలేదని వెంటనే రెండోది వేసుకోవద్దు, 24 గంటల్లో ఒక్కటే. మద్యంతో అసలు కలపవద్దు. తలనొప్పి, ముఖం ఎర్రబడి వేడెక్కడం, ముక్కు దిబ్బడ, అజీర్ణం, చూపులో నీలి ఛాయ కొందరికి వచ్చి కొద్ది గంటల్లో తగ్గిపోతాయి.

అయితే ఈ మూడింటిలో ఏది వచ్చినా రాత్రయినా సరే ఆసుపత్రికి రండి: అంగస్తంభన 4 గంటలు దాటినా తగ్గకపోవడం, చూపు గాని వినికిడి గాని హఠాత్తుగా పోవడం, ఛాతీ నొప్పి.

ఛాతీ నొప్పి వస్తే పక్కింటివారు ఇచ్చే సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకోకండి. సిల్డెనాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ పనికిరాదు. రాగానే ఏ మాత్ర, ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పండి.

ఇది డాక్టరు చీటీ మీదనే అమ్మవలసిన మందు. స్నేహితుడు ఇచ్చాడని, షాపులో అడిగితే ఇచ్చారని వేసుకోవద్దు. లాడ్జీల్లో క్యాంపులు పెట్టి అమ్మే పొడులు, లేహ్యాలు ఉత్త మూలికలని నమ్మవద్దు. అటువంటి వాటిలో చెప్పకుండా ఇదే మందు కలిపినట్లు అనేక దేశాల అధికారులు పరీక్షల్లో పట్టుకున్నారు. అందులో ఎంత మోతాదు ఉందో తినేవారికి తెలియదు.

అమ్మలారా, మీ భర్త ఈ మాట చెబితే నవ్వవద్దు, అనుమానించవద్దు. కూడా రండి. అయ్యలారా, నర్సుల ముందు చెప్పడానికి సిగ్గనిపిస్తే "డాక్టరుగారితో ఒంటరిగా మాట్లాడాలి" అని ఒక్క మాట అనండి. మేము తెర లాగి పక్కకు వెళ్తాము. మీరు చెప్పింది ఆ తెర దాటి బయటకు రాదు.