అచ్చంపేటలో ఒక దోనె

"సారూ, సముద్రం ఏడుంది, మీ ఓడ ఏడుంది?"

మా వీధి మలుపులో టీ కొట్టతను నేను కనబడ్డప్పుడల్లా అడిగే మాట ఇది. ఎగతాళి కాదు, నిజంగానే అతనికి అర్థం కాదు. అచ్చంపేట నుంచి సముద్రం వందల కిలోమీటర్లు. కృష్ణ కూడా పక్కన లేదు. అలాంటి ఊళ్లో ఒక రిటైర్డ్ ఉద్యోగి వరండాలో కూర్చుని ఓడ కడుతున్నాడంటే ఎవరికైనా వింతే.

నేను ముప్పై ఏళ్లు ఇరిగేషన్ శాఖలో డ్రాయింగులు గీశాను. కాలువ గట్టు ఇక్కడ కోస్తే ఎలా ఉంటుంది, వంద మీటర్ల అవతల కోస్తే ఎలా ఉంటుంది అని కాగితం మీద చూపించడమే నా పని. ఓడ ప్లాను మొదటిసారి చూసినప్పుడు నాకు కొత్తనిపించలేదు. అదీ కోతల లెక్కే. పక్క నుంచి చూసిన గీత ఒకటి, పై నుంచి చూసిన గీత ఒకటి, సొరకాయను చక్రాల్లా తరిగినట్టు అడ్డంగా కోసిన గీతలు ఇంకో చోట. ఈ మూడూ కలిపి చదివితే ఓడ కళ్ల ముందు లేచి నిలబడుతుంది.

ఇలా ప్లాను చూసి చిన్న నమూనా ఓడలు కట్టే సరదా ఉన్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. స్వీడన్‌కు చెందిన చాప్మన్ 1768లో అచ్చేసిన ఓడల ప్లానుల పుస్తకాన్ని ముందు పెట్టుకుని ఇప్పటికీ చెక్కలు కోస్తుంటారు. నాకు మాత్రం పరాయి ఓడల మీద మనసు పోలేదు. మన తీరానికీ ఓడల చరిత్ర ఉంది. రెండో శతాబ్దంలో శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ వేయించాడు. గోదావరి మొగలోని కోరంగి, దాని పక్క తాళ్లరేవు ఓడల పనికి పేరుపడ్డ ఊళ్లు. కోరంగి రేవు నుంచి ఎంతమంది రంగూను వెళ్లారంటే, బర్మాలో తెలుగువాళ్ల పేరే 'కోరంగీలు' అయింది. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుఫాను ఆ ఊరిని ముంచేసింది. తర్వాత రేవు పూడిపోయింది, వ్యాపారం కాకినాడకు తరలింది.

ఆ ఓడల ప్లానులు ఎక్కడ? వెతికితే తేలిందేమిటంటే, కట్టినవాళ్లకు కాగితంతో పనే లేదు. కంటి లెక్క, చేతి కొలత, తండ్రి చూపించిన దారి. గీసి పెట్టినవాళ్లు బయటివాళ్లు. శ్రీలంకలోని ట్రింకోమలీ నౌకా కేంద్రంలో ఓడల పని చూసిన జాన్ ఎడీ అనే ఇంగ్లీషు అధికారి మన తీరం పడవలను కొలిచి, 1834లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసం అచ్చేశాడు. ఫ్రెంచి నౌకాధికారి పారి కూడా దేశదేశాల పడవలు గీసుకుంటూ తిరిగి, 1840ల మొదట్లో పెద్ద పుస్తకం తెచ్చాడు.

నేను ఎంచుకున్నది ఎడీ రాసిన కోరమండల్ దోనె. పొడవు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. అడుగుకు పావు అంగుళం చొప్పున తగ్గిస్తే పదిహేడున్నర అంగుళాల పొడవు, అయిదంగుళాల వెడల్పు, మూడంగుళాల లోతు. అంటే అసలులో నలభై ఎనిమిదో వంతు. టీవీ పక్కన పట్టే సైజు.

పని ఇలా సాగుతుంది. ముందు అడుగున నిలువునా సాగే వెన్నుచెక్క. అడ్డకోత గీతలను ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తి, పలుచని ప్లైవుడ్‌కు అంటించి, సన్నరంపంతో కోసి, వెన్నుచెక్కకు పక్కటెముకల్లా నిలబెడతాం. వాటి మీద సన్నని చెక్కబద్దలు ఒకదాని పక్కన ఒకటి అతుకుతాం. టేకు చార పెద్దది, ఇంత చిన్న దోనె మీద మోటుగా కనబడుతుంది. పోనీ అడవిలో వేరే కర్ర వెతుకుదామంటే, మాది అమ్రాబాద్ పులుల అడవి అంచు, అక్కడ కొమ్మ విరిచినా తప్పే. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రను ఒక బంధువు చేత తెప్పించి, మా వడ్రంగితో మిల్లీమీటరున్నర మందాన చీల్పించాను. "ఇది దేనికి సార్, పంటిపుల్లలకా?" అన్నాడతను. బద్దను వేడినీళ్లలో నానబెట్టి, వేడి సోల్డరింగ్ ఐరన్‌కు మెల్లగా ఆనిస్తే వంగుతుంది. తొందరపడితే టప్‌మని విరుగుతుంది.

బద్దలు బిగించే చీలల కోసం మేదరివాళ్ల దగ్గర వెదురు పేళ్లు తెచ్చాను. కంసాలులు తీగ సాగదీసే చిల్లుల పలక ఉంటుంది కదా, అందులో పెద్ద చిల్లు నుంచి చిన్న చిల్లుకు ఒక్కొక్కటే లాగుతూ పోతే పేడు గుండుసూదంత సన్నబడుతుంది. మూడు కులవృత్తులు ఒక దోనెలో కలిశాయి.

తప్పు కూడా చేశాను. ఓడ అంటే ముందు కోసుగా, వెనక వెడల్పుగా ఉంటుందని నా కంటికి అలవాటు. అలాగే ఎనిమిది ఎముకలు నిలబెట్టాను. తర్వాత ఎడీ వాక్యం మళ్లీ చదివితే, ఈ దోనెకు ముందు భాగం, వెనక భాగం ఒకే రూపు! అడుగు బల్లపరుపు. నడుమ ఏడడుగుల వెడల్పుండి, రెండు కొసలకూ పది అంగుళాలకు సన్నబడుతుంది. వేడినీటి గుడ్డ వేసి ఫెవికాల్ నానబెట్టి, అన్నీ ఊడదీశాను. మూడు వారాల పని మూడు గంటల్లో పోయింది. కానీ ఆ రాత్రి ఒకటి తట్టింది. ఇసుక మేటల నది మొగలో ఆటుకు నీళ్లు తగ్గితే, బల్లపరుపు అడుగున్న దోనె పక్కకు ఒరగకుండా బురద మీద కూర్చుంటుంది. తాళ్లరేవు వడ్రంగికి తెలిసిన సంగతి నాకు తెలియడానికి ఎనిమిది ఎముకలు పీకాల్సివచ్చింది. ఈ సరదాలో అసలు సుఖం ఇదే. చదివితే తెలియనిది చేతికి తెలుస్తుంది.

మొన్న కృష్ణ ఒడ్డునున్న సోమశిల వెళ్లాను. ఒడ్డున ఒక ముసలాయన వెదురు పుట్టికి తారు పూస్తున్నాడు. "పెద్దాయనా, దీని కొలత ఎంత?" అంటే నవ్వి, "కొలతేంది బిడ్డా, మనిషిని బట్టి, వలను బట్టి" అన్నాడు. పక్కనే రెండు ఫైబర్ పుట్లు బోర్లించి ఉన్నాయి. జేబులో టేపు ఉంది కాబట్టి అడ్డం, లోతు, బద్దకూ బద్దకూ మధ్య దూరం రాసుకున్నాను. ఇంటికొచ్చి పావు అంగుళం లెక్కన గీశాను.

దోనెను ఎడీ కొలిచిపెట్టాడు. పుట్టిని కొలవడానికి లండన్ నుంచి ఎవరూ రారు. మీ ఊళ్లో పుట్టో, తెప్పో, ఎడ్లబండో మిగిలి ఉంటే ఈ ఆదివారం ఒక టేపు, ఒక నోటుబుక్కు పట్టుకుని వెళ్లండి. చేసినవాళ్లు ఇంకా ఉన్నప్పుడే అడిగి రాసుకోండి.