పాత అంబాసిడరు క్లచ్చు ఆయుర్దాయము

విశాఖపట్టణమున గాజువాక మొదలుకొని ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు వఱకు సాగు రహదారిమీద, రేవునకు బోవు లారీలును, ఉక్కు కర్మాగారమునుండి వచ్చు ట్రైలర్లును, సిబ్బంది బస్సులును బారులు తీరి ఇంచుక ఇంచుకగా కదలు వేళ, వానినడుమ జిక్కిన పాత అంబాసిడరులో అన్నిటికంటె నెక్కువ బాధపడునది క్లచ్చు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణిని మాతృకగా గొని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు నిర్మించిన యీ కారు తయారీ 2014లో నిలిచిపోయినందున, ఉన్న భాగములను కాపాడుకొనుట యజమానులకు విధియైనది.

ఇంజను వెనుక దిరుగు ఫ్లైవీలునకును ప్రెషరు ప్లేటునకును నడుమనుండు ఘర్షణఫలకమే క్లచ్చు ప్లేటు. పెడలు పూర్తిగా నొక్కినపుడు అది విడివడును. పూర్తిగా వదలినపుడు స్ప్రింగుల బలముచే బిగియును. ఈ రెండు స్థితులయందును దాని కరుగుదల దాదాపు లేదు. ఇంజను ఒక వేగమునను, గేరుపెట్టె వేఱొక వేగమునను దిరుగుచుండగా, ఫలకము జారుచు బట్టుకొను ఆ నడిమి క్షణములలోనే ఉష్ణము పుట్టి, పైపూత క్షయించును. డ్రైవర్లు 'హాఫ్ క్లచ్చు' అనునది ఇదియే. కావున, ఎన్నిమార్లు నొక్కితిమన్నదానికంటె, ఎంతసేపు జారనిచ్చితిమన్నదే ముఖ్యము.

ముందున్న లారీ అడుగు కదలినంతనే తానును అడుగు కదలుట కంటె, రెండు కార్ల మేర చోటేర్పడు వఱకు ఆగి, మొదటి గేరులో ఇంజనును రొద చేయింపక బయలుదేరి, పెడలును పూర్తిగా వదలుట మేలు. వెనుకవారి హారన్లకు లొంగనవసరము లేదు. ఆగినపుడు న్యూట్రలులో నుంచి కాలు తీయవలెను. మోరిస్ వంశపు పాత ఇంజనులలో క్లచ్చును విడదీయు రిలీజు బేరింగు గుండ్లది గాక కర్బనవలయమగుటచే, పెడలు నొక్కిపట్టినంతసేపు అది ఒరసికొనుచునే యుండును. సింహాచలము కొండదారిలో కారును క్లచ్చుమీద నిలుపుట కేవలము దుర్వ్యయము; అందుకు హ్యాండు బ్రేకు కలదు. మొదటి గేరునకు, పండ్ల వేగములను సమము చేయు సింక్రోమెష్ లేనందున కొందఱు రెండవ గేరులోనే బండిని లేపుదురు గాని, ఆ అలవాటు ఫలకమును త్వరగా దినివేయును. పూర్తిగా ఆగి మొదటి గేరు వేయుటయే యుక్తము.

ఫలకము అరుగుకొలది, మీటలతో నడచు క్లచ్చులలో పెడలు యొక్క ఖాళీ నడక తగ్గుచుండును. అది బొత్తిగా లేకపోయినచో, కాలు తీసినను క్లచ్చు పూర్తిగా బిగియదు. గనుక దానిని అప్పుడప్పుడు సరిచేయించవలెను. ఎక్కుడుదారిలో ఇంజను వేగము పెరిగియు బండి వేగము పెరుగకున్న, ఫలకము జారుచున్నదని యెఱుగవలెను. బయలుదేరునపుడు బండి వణకినచో, ఇంజను వెనుకనుండి నూనె కారి ఫలకమును దడిపినదేమో చూడవలెను; ఆ కారుటను మాన్పక క్రొత్త ప్లేటు వేయించినయెడల అదియు చెడును.

సముద్రపుగాలి తేమలో నెలలకొలది కదలక నిలిచిన కార్లలో ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీలునకు అంటుకొనుటయు గలదు. వర్షఋతువున వారమున కొకమారైనను కారును వీథిలోనికి దీసి, గేర్లు మార్చుచు కొంతదూరము నడుపవలెను.