చేతిలోని నంబరు – పత్రములోని పేరు

నేటి విద్యార్థికి సెల్‌ఫోను నంబరు రెండవ చిరునామా వంటిది. ఉపకార వేతనమునకు దరఖాస్తు చేసినను, పరీక్ష రుసుము చెల్లించినను, బ్యాంకులో ఖాతా తెరచినను ముందుగా అడుగునది ఆ పది అంకెలే. ఆ నంబరుకు వచ్చు ఓ.టి.పి. లేనిదే పని ముందుకు సాగదు. అయితే ఆ నంబరు ఎవరి పేరున ఉన్నదని ప్రశ్నించినచో మనలో అనేకులు తండ్రిగారి పేరో, అన్నగారి పేరో, మేనమామ పేరో చెప్పుదురు. కొందరికి అది కూడ తెలియదు. ఫోను చేతిలో ఉండుట వేరు, నంబరుపై హక్కు ఉండుట వేరు. ఈ భేదమును వివరించి, ఒకరి పేరున ఉన్న నంబరును మరియొకరి పేరునకు మార్చుకొను విధానమును తెలుపుటయే ఈ వ్యాసములో మా ఉద్దేశము.

మొదట గ్రహింపవలసినది, నంబరు ఎవరి సొంత ఆస్తియు కాదు. అంకెల శ్రేణులను ప్రభుత్వము టెలికాం కంపెనీలకు కేటాయించును. కంపెనీ వానిలో ఒకదానిని చందాదారునకు వాడుకొనుటకు ఇచ్చును. ఈ ఒప్పందము కంపెనీకిని, గుర్తింపు పత్రము చూపిన వ్యక్తికిని మధ్య జరిగినది. పది సంవత్సరములు మనమే రీచార్జి చేయించినను, ఒప్పందములో మన పేరు లేనియెడల కంపెనీ దృష్టిలో మనము పరాయివారమే. సిమ్ కార్డు పోయినప్పుడు క్రొత్తది అడుగుట, కంపెనీ మార్చుకొనుట, నంబరును మూసివేయించుట – ఈ హక్కులన్నియు పేరుగల వ్యక్తివే.

ఈ పరిస్థితి ఎట్లు ఏర్పడుచున్నది? 1872 నాటి భారత ఒప్పందముల చట్టము ప్రకారము మైనరు ఒప్పందము చేసికొనజాలడు. కావున 18 సంవత్సరములు నిండనివారికి సిమ్ కార్డు ఇవ్వరాదని టెలికాం శాఖ 2021లో స్పష్టపరచినది. ఇంటర్మీడియట్‌లో చేరునాటికి 16 ఏండ్లే గనుక పెద్దల పేరున తీసికొనుట సహజము. అందులో దోషము లేదు. 18 నిండి, అదే నంబరును బ్యాంకు ఖాతాకు ఇచ్చిన తరువాత కూడ పేరు మార్చుకొనక ఉపేక్షించుటయే చిక్కులకు మూలము. తండ్రి ఉద్యోగార్థము గల్ఫ్ దేశమునకు వెళ్ళిన తరువాత, ఆయన పేరున ఉన్న సిమ్ గల ఫోనును కుమారుడు బస్సులో పోగొట్టుకొన్నాడనుకొందము. క్రొత్త సిమ్ కొరకు దుకాణమునకు వెళ్ళినచో "పేరుగల ఆయనను తీసికొనిరండి" అందురు. దరఖాస్తు గడువు అందుకొరకు ఆగదు గదా!

ఇక మార్పు విధానము. పాత చందాదారుడును క్రొత్త చందాదారుడును తమ గుర్తింపు పత్రములతో కంపెనీ వారి సొంత దుకాణమునకు కలిసి వెళ్ళుట ఉత్తమము. పాతవారు తమకు అభ్యంతరము లేదని తెలియజేయవలెను. క్రొత్తవారు క్రొత్తగా కనెక్షను తీసికొనునట్లే తమ వివరములు నమోదు చేయించుకొనవలెను. కాగితపు దరఖాస్తుల పద్ధతి 2024 జనవరి 1 నుండి రద్దయినది గనుక ఫొటో అక్కడికక్కడే తీయుదురు, వివరములను కంప్యూటరు ద్వారానే సరిచూతురు. పోస్ట్‌పెయిడ్ అయినచో పాత బిల్లు బకాయి తీర్చవలెను. కోరు పత్రములలో ఒక్కొక్క కంపెనీకి కొంత భేదము ఉండును; బయలుదేరుటకు ముందే విచారించినచో రెండవసారి తిరుగవలసిన శ్రమ తప్పును.

పేరుగల వ్యక్తి మరణించినచో మరణ ధ్రువపత్రము, బంధుత్వమును నిరూపించు పత్రము, కంపెనీ కోరినచో ఇతర వారసుల అంగీకారము చూపవలసియుండును. దుఃఖములో ఉన్న కుటుంబమునకు ఇది చిన్న విషయముగా తోచును. కాని రీచార్జి లేక ఆ నంబరు మూతపడినచో, కనీసము 90 రోజుల తరువాత దానిని మరియొకరికి కేటాయించవచ్చును. ఇంటి బ్యాంకు ఖాతా ఆ నంబరుతోనే ముడిపడి ఉన్నచో, ఖాతా సందేశములు అపరిచితునికి చేరును. కావున నంబరును మార్పించుకొనుటయో, బ్యాంకులో వేరు నంబరు ఇచ్చుటయో ఆలస్యము చేయరాదు.

పేరు మార్పును, కంపెనీ మార్పును ఒకటిగా భావించుట పరిపాటి. ఈ రెండును వేరు. నంబరు మారకుండ కంపెనీ మార్చుకొను సౌకర్యము 2010 నవంబరులో హర్యానాలోను, 2011 జనవరిలో దేశమంతటను, రాష్ట్రము మారినను అదే నంబరు నిలుపుకొను వీలు 2015 జూలైలోను వచ్చినవి. ఇందుకు 1900 నంబరుకు 'పోర్ట్' అని సందేశము పంపి సంకేతాక్షరములు పొందవలెను. కాని ఇది ఒకే చందాదారుడు కంపెనీ మారు విధానమే గాని పేరు మార్చు విధానము కాదు. పేరు మార్పు జరుగుచుండగా పంపిన పోర్టింగు కోరికను నిబంధనల ప్రకారము తిరస్కరింతురు. అందుచేత ముందు పేరు, తరువాత కంపెనీ – ఈ క్రమము తప్పరాదు. సిమ్ కార్డు మారినయెడల 7 రోజుల వరకు పోర్టింగు సంకేతము రాదని 2024 జూలై 1 నుండి నియమము కలదు.

మరియొక జాగ్రత్త. క్రొత్త సిమ్ పనిచేయ మొదలిడిన తరువాత 24 గంటల వరకు ఎస్.ఎం.ఎస్.లు రావు, పోవు. మోసగాండ్రు ఇతరుల నంబరును కాజేసి ఓ.టి.పి.లు దొంగిలింపకుండ పెట్టిన ఏర్పాటిది. కావున దరఖాస్తుల చివరి దినమున ఈ పని పెట్టుకొనరాదు.

మన పేరున ఎన్ని నంబరులు ఉన్నవో తెలిసికొను మార్గమును గూర్చి కూడ చెప్పుదుము. విజయవాడలోని టెలికాం శాఖ వారు 2021లో ఇందుకొక వెబ్‌సైటును రూపొందింపగా, అది మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారికే అందుబాటులోకి వచ్చినది. నేడది 2023లో ప్రారంభమైన 'సంచార్ సాథీ'లో భాగమై దేశమంతటికిని ఉపకరించుచున్నది. మన పేరున మనకు తెలియని నంబరు కనిపించినచో "ఇది నాది కాదు" అని అందులోనే తెలుపవచ్చును. సాధారణముగా ఒకరి పేరున 9 కనెక్షనులకు మించి ఉండరాదు. మోసముతోగాని, ఇతరుల రూపముతోగాని సిమ్ సంపాదించినచో 2023 టెలికాం చట్టము ప్రకారము 3 సంవత్సరముల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. మిత్రుడు అడిగినాడని మన ఆధార్‌తో సిమ్ ఇప్పించుట స్నేహధర్మముగా తోచవచ్చును. ఆ నంబరుతో నేరము జరిగినచో పోలీసులు మొదట వెదకునది మన ఇంటినే.

ఇంటి పట్టా ఎవరి పేరున ఉన్నదో మన పెద్దలు శ్రద్ధగా చూచుకొందురు. నంబరు విషయములోను అట్టి శ్రద్ధయే అవసరము. 18 నిండిన ప్రతి విద్యార్థియు, విద్యార్థినియు పేరుగల పెద్దలు ఊరిలో ఉన్నప్పుడే ఈ మార్పు చేయించుకొనవలెనని మా మనవి. ప్రవేశముల వేళ నంబరు వ్రాసికొనునప్పుడు అది ఎవరి పేరున ఉన్నదని కూడ అడుగు ఏర్పాటు చేసినచో ఎందరికో మేలు కలుగునని కళాశాల కమిటీ పెద్దలకు సవినయముగా విన్నవించుకొనుచున్నాము.