మనసుపడిన దేశంలో చదువు: కామత్‌ఘర్ బిడ్డకు సొమ్ము సమకూర్చడం ఎట్లా?

సరిహద్దు పల్లెల్లో భీవండి పేరు తెలియని ఇల్లు అరుదు. నిజామాబాద్, బాసర, ధర్మాబాద్ మీదుగా సాగే దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కల్యాణ్‌లో దిగి, అక్కడినుండి కామత్‌ఘర్, పద్మానగర్ చేరినవారు మన ఊళ్లలో తరతరాలుగా ఉన్నారు. వరాలాదేవి చెరువు పరిసరాల్లో సాంచాల చప్పుడు మధ్యనే వారి పిల్లలు పుట్టి పెరిగారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ మాట్లాడుతూ, రెండు మూడు భాషలు సునాయాసంగా నేర్చిన పిల్లలు వీరు.

ఇటువంటి ఇళ్లనుండి ఇప్పుడు కొత్త తరహా కోరిక వినవస్తున్నది. టీవీలో, ఫోనులో జపాన్ బొమ్మల కథలు, కొరియా పాటలు చూసి ఆ దేశాలపై మనసుపడి, వాటి లిపులను తమంతట తామే నేర్చుకుంటున్న పదిహేను, పదహారేళ్ల పిల్లలున్నారు. వారిలో ఒకరు “అక్కడే చదువుకుంటాను” అనగానే తండ్రి పీసు లెక్క కూలీ చూసుకుంటాడు, తల్లి మెడలోని బంగారం చూసుకుంటుంది. తరువాత ఊరికి ఫోను వస్తుంది: “ఏమన్నా సర్దగలరా? ఆ అరెకరం అమ్మితే ఎట్లా ఉంటుంది?”

ఆ ఫోను అందుకునే కుటుంబాల కోసమే ఈ వ్యాసం. బిడ్డ కోరికను నవ్వి కొట్టివేయడం తప్పు. లెక్క చూడకుండా పొలమో, సాంచానో తాకట్టు పెట్టడం అంతకంటె పెద్ద తప్పు. ఈ రెంటి నడుమ ఒక మార్గమున్నది. ముందు భాష, పిదప విద్యార్థివేతనం, మిగిలిన లోటుకు మాత్రమే చందా: ఇదే ఆ వరుస.

కల్యాణ్ బిడ్డ కథ

చందాలతో విదేశీ చదువు భీవండి ప్రాంతానికి కొత్త కాదు. పక్కనే ఉన్న కల్యాణ్‌లో 1865 మార్చి 31న జన్మించిన ఆనందీబాయి జోషి, వైద్యవిద్యకై 18 ఏళ్ల వయసులో అమెరికా వెళ్లింది. భర్త గోపాలరావు తపాలాశాఖలో చిరుద్యోగి. ఆడపిల్ల సముద్రం దాటరాదని లోకం దుమ్మెత్తిపోస్తుండగా, 1883లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్ కళాశాల సభామందిరంలో ఆమె స్వయంగా నిలబడి తాను ఎందుకు వెళ్తున్నదీ, తిరిగివచ్చి ఏమి చేయదలచినదీ బహిరంగంగా వివరించింది. ఆ ప్రసంగం పత్రికల్లో రాగా దేశం నలుమూలలనుండి చందాలు వచ్చాయి. వైస్రాయి సైతం 200 రూపాయలు పంపాడు. నగలు అమ్మిన సొమ్ము కూడా తోడైంది. న్యూజెర్సీలోని కార్పెంటర్ అనే గృహిణి ఆమెకు తన ఇంట ఆశ్రయమిచ్చింది. 1886లో ఫిలడెల్ఫియాలో వైద్యపట్టా పుచ్చుకున్న ఆనందీబాయి, క్షయవ్యాధికి లోనై మరుసటి ఏడు ఫిబ్రవరిలో పుణేలో కన్నుమూసింది. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు నిండలేదు.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. ఇచ్చేవారికి ఉద్దేశం స్పష్టంగా తెలిసిన తరువాతనే సొమ్ము కదిలింది. రెండవది, పరాయిదేశపు చలిని, తిండిని, ఒంటరితనాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. బిడ్డ ఆరోగ్యం చందాలతో కొనగలిగేది కాదు.

ఏ మార్గానికి ఎంత?

జపాన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. పిల్లల ముందు ముఖ్యంగా మూడు మార్గాలున్నాయి.

మొదటిది, పాఠశాల దశలోనే కొన్ని నెలలు అక్కడి కుటుంబంతో ఉండి చదివే వినిమయ కార్యక్రమం. ఏ.ఎఫ్.ఎస్. అనే సంస్థ 1947 నుండి ఇటువంటివి నడుపుతున్నది. భారతదేశంలోనూ దానికి శాఖ ఉన్నది. 2018లో జపాన్ ప్రభుత్వ సాయంతో మొదలైన ‘ఆసియా కాకెహాషి’ పథకం ఐదేళ్లలో వేయిమంది ఆసియా విద్యార్థులను పూర్తి ఖర్చులతో పిలిపించాలన్న లక్ష్యంతో ఏర్పడింది. కాకెహాషి అంటే వారధి. ఇటువంటి అవకాశాలు ఏటేటా మారుతుంటాయి గనుక, ఆ ఏడాది ప్రకటన చూసుకొనే ముందుకు సాగాలి.

రెండవది, పన్నెండో తరగతి పిదప జపాన్ ప్రభుత్వ విద్యాశాఖ ఇచ్చే విద్యార్థివేతనం. దీనిని ‘మెక్స్ట్’ అని పిలుస్తారు. డిగ్రీ చదువుకు ఎంపికైనవారికి రుసుము ఉండదు. రానుపోను విమాన ఖర్చు వారిదే. నెలకు 1,17,000 యెన్‌లు, అంటే సుమారు 60 నుండి 70 వేల రూపాయలు చేతికిస్తూ వచ్చారు. మొదటి ఏడాది భాష, తరువాత నాలుగేళ్లు డిగ్రీ. వృత్తివిద్యా కళాశాలలకు ఇదే తరహాలో మూడేళ్ల పథకమున్నది. రాతపరీక్షలో గణితం, ఆంగ్లం, జపనీస్ ఉంటాయి. దరఖాస్తు రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్ ద్వారా సాగుతుంది. ముంబయిలో జపాన్ కాన్సులేట్ ఉన్నది. పోటీ తీవ్రమే. కాని దరఖాస్తుకు రుసుము లేదు. కొరియా ప్రభుత్వం సైతం ఒక ఏడాది భాష, తరువాత డిగ్రీ పద్ధతిన విద్యార్థివేతనాలు ఇస్తున్నది.

మూడవది, సొంత ఖర్చుతో జపాన్‌లోని భాషాపాఠశాలలో చేరడం. ఏజెంట్లు ఎక్కువగా చూపించేది ఈ దారినే. ఏడాది రుసుమే సుమారు 7 నుండి 8 లక్షల యెన్‌లు. ఇల్లు, తిండి వేరు. అనుమతితో వారానికి 28 గంటలు పని చేయవచ్చు. అయితే ఆ సంపాదన తిండిఖర్చుకు ఆసరా అవుతుందే తప్ప రుసుము మొత్తాన్ని మోయదు. “వీసా గ్యారంటీ” అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోవాలి. వీసా ఇచ్చేది ప్రభుత్వం, ఏజెంటు కాదు.

మొదటి పెట్టుబడి భాషే

జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్షలో ఎన్5 నుండి ఎన్1 వరకు ఐదు మెట్లున్నాయి. ఎన్5 అన్నిటికంటె సులువైనది. ముంబయి, పుణే రెండూ పరీక్షాకేంద్రాలే గనుక కామత్‌ఘర్ పిల్లలకు దూరాభారం లేదు. పదో తరగతినుండి మొదలుపెడితే పన్నెండు ముగిసేనాటికి రెండు మెట్లు ఎక్కడం సాధ్యమే. దీనికయ్యే ఖర్చు పొలం అమ్మేంతటిది కాదు. బిడ్డ ఇష్టం నాలుగునాళ్ల ముచ్చటా, నిలిచే పట్టుదలా అన్నది కూడా ఈ రెండేళ్లలోనే తేలిపోతుంది. చేతిలో ధ్రువపత్రం ఉన్న బిడ్డకు చందా అడగడమూ తేలికే.

మహారాష్ట్రనా, తెలంగాణనా?

వలస కుటుంబాలు తరచు పొరబడే విషయమిది. తెలంగాణ ప్రభుత్వం 2016 నుండి వెనుకబడిన తరగతులకు విదేశీ విద్యానిధి కింద 20 లక్షల వరకు ఇస్తున్నది. కాని అది డిగ్రీ పూర్తయినవారి పై చదువుకే. పైగా అభ్యర్థి తెలంగాణవాడై ఉండాలి. పదహారేళ్ల బిడ్డకు అది అక్కరకు రాదు.

కులధ్రువపత్రం సంగతీ అంతే. తెనాలిలో పుట్టి, తొమ్మిదేళ్ల వయసులో తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన ఒక విద్యార్థి, ఆంధ్రప్రదేశ్‌లోని గిరిజన హోదాతో అక్కడ వైద్యకళాశాల సీటు కోరగా, సుప్రీంకోర్టు 1990లో నిరాకరించింది. ఒక రాష్ట్రపు హోదా వలస వెళ్లిన మరో రాష్ట్రంలో దానంతట అది చెల్లదన్నది ఆ తీర్పు సారాంశం. కాబట్టి బిడ్డ ఏ రాష్ట్రపు పత్రాలతో పథకాలు కోరబోతున్నదో తొమ్మిదో తరగతిలోనే తేల్చుకోవాలి.

లోటు పూడ్చడం

విద్యార్థివేతనం వచ్చినా పాస్‌పోర్టు, పత్రాల అనువాదం, చలిబట్టలు, తొలి నెల ఖర్చు మిగిలే ఉంటాయి. ఈ లోటును కాగితంపై అంకెల్లో రాసి, అంతవరకే అడగాలి.

ముందు దగ్గరి బంధువులు. తాత, నానమ్మ, పెదనాన్న, మేనమామ, మేనత్త వంటివారు ఇచ్చినదానికి ఆదాయపన్ను లేదు. బంధువు అన్న నిర్వచనంలోకి రానివారినుండి, అంటే స్నేహితులు, ఇరుగుపొరుగు, పెదనాన్న పిల్లల వంటి వారినుండి ఏడాదిలో వచ్చినది 50,000 రూపాయలు దాటితే ఆ మొత్తమంతా ఆదాయంగా లెక్కకు వస్తుంది. అందుచేత పెద్ద చందాను నమోదైన ధర్మాదాయ సంస్థ ద్వారా సేకరించి, సంస్థ నేరుగా విద్యాలయానికి చెల్లించేటట్లు చూడడం మేలు. చదువు ఖర్చుకై ఇచ్చే విద్యార్థివేతనానికి పన్ను లేదు. గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉన్న విదేశీయుల సొమ్మును మన సంఘం ఖాతాలో వేయించుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం కింద నమోదు తప్పనిసరి.

బ్యాంకు విద్యారుణం పన్నెండో తరగతి తరువాతి చదువులకే. బ్యాంకుల సంఘం నమూనా పథకంలో 4 లక్షల వరకు మార్జిను అడగరు. అది దాటితే విదేశీ చదువుకు 15 శాతం మనం పెట్టుకోవాలి. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి హామీ కోరతారు.

ఇక మనం చీటీ అనేదానిని అక్కడ భిషీ అంటారు. నమోదులేని భిషీ మీద బిడ్డ చదువు నిలపరాదు. నడిపేవాడు చేతులెత్తేస్తే ప్రయాణం ఆగుతుంది, ఇచ్చినవారి ముందు తల వంగుతుంది. సాంచా తాకట్టు కూడా వద్దు. మందీ వచ్చిన నెలలో ఇల్లు నడిపేది అదే.

లెక్క పుస్తకం

చందా ఇచ్చిన ప్రతివారి పేరు, తేదీ, మొత్తం ఒక పుస్తకంలో రాయాలి. ఖర్చయినదీ అదే పుస్తకంలో ఎదురు పేజీలో రాయాలి. వీసా రాకపోతే సొమ్ము ఏమవుతుందో ముందే చెప్పాలి: తిరిగి ఇస్తారా, మరో బిడ్డకు వాడతారా? మైనరు బిడ్డ ఫోటో, ఫోను నంబరు, బడి పేరు నలుగురి ఫోన్లలో తిరగనీయరాదు.

కామత్‌ఘర్‌నుండి ఫోను వచ్చిననాడు “ఎంత కావాలి?” అని అడిగేముందు, “ఏ మెట్టు పరీక్ష పాసైంది?” అని అడగండి. జవాబు ఉన్న బిడ్డకు మీరిచ్చే వేయి రూపాయలు వృథా పోవు. జవాబు లేకుంటే ఆ వేయితో తొలి పరీక్షకు పుస్తకాలు కొనిపెట్టండి. అరెకరం అమ్మే మాట ఆ తరువాత చూసుకోవచ్చు.