పెరటి కూరలకు పక్షుల కాపలా

దగ్గుకు తులసి, అజీర్ణానికి పుదీనా, కంటికి మేలని మునగాకు మన ఇళ్లలో పెరటి నుండే వస్తాయి. అటువంటి ఆకుపై పురుగుమందు చల్లితే ఔషధమే విషమవుతుంది కదా! కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించిందంటే ముప్పు ఎంతటిదో గ్రహించవచ్చు.

మొక్కలకూ వాత, పిత్త, కఫ దోషాలుంటాయని సురపాలుని 'వృక్షాయుర్వేదం' చెబుతుంది. సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ఈ గ్రంథాన్ని ఆంగ్లానువాదంతో ప్రచురించింది. వైద్యం కంటే రక్షణ మేలన్న మాట మొక్కకూ వర్తిస్తుంది.

మా మెట్‌పల్లి ప్రాంతపు రైతులు పసుపులో మొక్కజొన్నను అంతర పంటగా వేస్తారు. ఏపుగా పెరిగిన మొక్కజొన్న లేత పసుపుకు నీడనిస్తుంది. ఒక మొక్క మరొక మొక్కకు తోడన్న ఈ సూత్రాన్నే నేను మా పెరటిలో పాటిస్తున్నాను.

తోడు మొక్కలు

టమాటా మడిలో బంతి నాటండి. కాయ తొలిచే శనగపచ్చ పురుగు బంతి పూలపై గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. 40 రోజుల బంతి నారును, 25 రోజుల టమాటా నారును ఒకేసారి నాటితే రెండూ కలిసి పూతకు వస్తాయి. పురుగు పట్టిన మొగ్గలను తుంచివేసి, మంచి పూలను బతుకమ్మకు కోసుకోవచ్చు. బంతి వేర్లు నేలలోని నులిపురుగులను కూడా తగ్గిస్తాయి.

గట్టుపై రెండు ఆముదపు మొక్కలుంటే లద్దె పురుగు వాటి ఆకులపైనే గుడ్లు పెడుతుంది. ఆ ఆకులను కోసి నాశనం చేయాలి. ఆముదపు గింజలు విషపూరితాలు గనుక పిల్లలకు అందనీయరాదు.

కొన్ని కొత్తిమీర మొక్కలను పూతకు వదలండి. ఆ పూల తేనెకు మిత్రకీటకాలు చేరతాయి. చిక్కుడుపై పేనుబంకను తినే అక్షింతల పురుగును అందరూ గుర్తిస్తారు. నల్లగా, సన్నగా, మొసలి ఆకారంలో ఉండే దాని పిల్లను మాత్రం చీడ అనుకొని నలిపివేస్తారు. అదే తల్లికి దీటుగా పేనుబంకను తింటుంది!

రెక్కల నేస్తాలు

మడిలో అడ్డుకర్ర కట్టిన గుంజ పాతి, చేరువలో మూకుడుతో నీళ్లుంచండి. చీలిక తోక గల పసులపోలిగాడు, గోరింక, దసరానాడు మనం దర్శించే పాలపిట్ట పురుగులను ఏరుకొని తింటాయి. గింజలు తినే పిచ్చుక సైతం తన పిల్లలకు పురుగులనే మేపుతుంది. టమాటాలు పండే వేళ మాత్రం పలుచని గుడ్డ కప్పుకోవాలి.

వంకాయలో దూరిన పురుగు పిట్టకు అందదు. వాడిన కొమ్మలను, పుచ్చిన కాయలను కోసి నాశనం చేయాలి. అప్పటికీ తగ్గకుంటే 50 గ్రాముల వేపగింజల పప్పును నలగ్గొట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి చల్లండి. తేనెటీగలు వెళ్లిపోయిన సాయంవేళ ఇందుకు తగినది.

నేటి జనగామ జిల్లాలోని ఏనెబావి గ్రామస్థులు 2006 నాటికే ఊరి పొలాలన్నింటినీ రసాయనాలు లేకుండా సాగు చేసి చూపారు. ఊరంతటికీ సాధ్యమైనది నాలుగు మడుల పెరటికి అసాధ్యం కాదు. ఈ వానాకాలం ఒక్క బంతి వరుసతో ప్రారంభించండి.