వంటింట్లో వీనుల విందు



వీనుల విందు అనే మాట మనకి కొత్తది కాదు. మంచి కచేరీ విన్నప్పుడో, పసిపిల్ల ముద్దుమాటలు విన్నప్పుడో ఆ మాట వాడుతూంటాం. ఇవాళ నేను చెప్పబోయేది మాత్రం అచ్చంగా తిండికి సంబంధించిన వీనుల విందు. అన్నం, పప్పు, ఉప్పు, కారం... వీటి పుట్టుపూర్వోత్తరాలను చెవిలో చెప్పే కార్యక్రమాలు ఇప్పుడు సెల్‌ఫోన్లో బోలెడు వస్తున్నాయి. వాటినే పాడ్‌కాస్టులు అంటున్నారు. పిల్లల నోట ఈ మాట మీరూ వినే వుంటారు. 'అదేదో వాళ్ళ గోల, మనకెందుకులే' అని వూరుకుని వుంటే, కాస్త ఆగి వినండి. రెండు చేతులూ పనిలో వుండి, చెవులు మాత్రం ఖాళీగా వుండేది ఇంట్లో ఎవరికండీ? మనకే కదా!

పాడ్‌కాస్టు అంటే మరేమీ లేదు, మన కోసం ఆగే రేడియో. రేడియోలో మహిళల కార్యక్రమం వచ్చే వేళకి సరిగ్గా పాలు పొంగేవి, లేకపోతే ఎవరో తలుపు కొట్టేవారు. తిరిగి వచ్చేసరికి ప్రసంగం సమాప్తం. ఇందులో ఆ బాధ లేదు. మధ్యలో ఆపి, గ్యాస్ సిలిండరు అబ్బాయికి డబ్బులిచ్చి వచ్చి, ఆపిన చోటునుంచే వినవచ్చు. అర్థం కాని ముక్కని వెనక్కి తిప్పి మళ్ళీ వినవచ్చు. ఈ పేరు 2004లో పుట్టింది. ఆపిల్ కంపెనీవారి ఐపాడ్ అనే పాటల పెట్టె పేరులోంచి సగం, ప్రసారం అని అర్థం వచ్చే బ్రాడ్‌కాస్ట్‌లోంచి సగం తీసి బెన్ హామర్‌స్లీ అనే ఇంగ్లీషు విలేఖరి వాడిన మాట. ఆ ఐపాడ్ తయారీ 2022లో ఆగిపోయింది. పేరు మాత్రం నిలిచింది. గ్రైండరు వచ్చాక కూడా మనం పిండి 'రుబ్బడం' మానలేదు చూడండి, అలాగన్నమాట.

పేరు కొత్తదే గాని, వంటింటికి గొంతు వినిపించడం చాలా పాత సంగతి. 1926లో అమెరికా ప్రభుత్వపు వ్యవసాయ శాఖవారు గృహిణుల కోసం రేడియోలో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. అందులో కబుర్లు చెప్పే ఆవిడ పేరు ఆంట్ శామీ. అమెరికా ప్రభుత్వాన్ని అంకుల్ శామ్ అని ముద్దుగా పిలుస్తారు కదా, ఆయనగారి ఇల్లాలన్నమాట! తమాషా ఏమిటంటే, అలాంటి మనిషి ఒకరు లేనేలేరు. రాసిన ప్రసంగం రాజధాని నుంచి అన్ని స్టేషన్లకీ వెళ్ళేది. ఏ వూరి స్టేషన్లో ఆ వూరి ఆవిడే ఆంట్ శామీగా చదివేది. వినేవాళ్ళు పెన్సిలు, కాగితం పట్టుకుని కూర్చుని కొలతలు రాసుకునేవారట. అందుకోలేకపోయినవాళ్ళు ఉత్తరాలు రాసేవారు. ఆ తాకిడికి తట్టుకోలేక 1927లో ఆ వంటకాలన్నీ పుస్తకంగా వేశారు. ఇక ఇంగ్లండులో, యుద్ధకాలపు రేషనులో ఏం వండాలో చెప్పడానికి 1940లో బి.బి.సి. 'కిచెన్ ఫ్రంట్' అనే కార్యక్రమాన్ని పొద్దున్నే ప్రసారం చేసింది. సరుకులు తెచ్చుకోవడానికి బజారుకి బయల్దేరేముందే ఆవిడ చెవిన పడాలని ఆ వేళ ఎంచుకున్నారు.

అయితే ఒక్క మాట. వంటకం నేర్చుకోవడానికి పాడ్‌కాస్టు అంత మంచి సాధనం కాదని నా అభిప్రాయం. పాకం ఎంత ముదిరిందో కళ్ళతో చూడాలి, వేళ్ళ మధ్య తీగ సాగదీయాలి. దానికి వీడియోలే నయం. వినడానికి బాగుండేవి ఆహారం వెనకాల కథలు. ఈ కూర ఏ దేశం నుంచి వచ్చింది, ఆ ధర ఎవరికి చేరుతోంది, ఫలానా రుచి నాలుకకి ఎలా తెలుస్తుంది, ఇలాంటివి. మనం రోజూ చేసే పనే, కాని 'ఎందుకు' అని అడిగే తీరిక మనకి వుండదు. ఆ ప్రశ్నలు వాళ్ళు అడుగుతారు. మనం వంకాయలు తరుగుతూ వింటాం.

ముందుగా చెవికీ తిండికీ వున్న చుట్టరికం చెబుతాను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ఛార్లెస్ స్పెన్స్ అనే శాస్త్రజ్ఞుడున్నారు. ఆయనా, మరో పరిశోధకుడూ కలిసి బంగాళాదుంప చిప్స్‌తో ఒక ప్రయోగం చేసి 2004లో ప్రచురించారు. చిప్స్ కొరికేవాళ్ళ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, వాళ్ళ నోటి కరకరనే వాళ్ళకి వినిపించారు. ఆ చప్పుడుని పెంచినప్పుడు 'ఇవి తాజాగా, కరకరలాడుతున్నాయి' అన్నారు. తగ్గించినప్పుడు అవే చిప్స్‌ని 'మెత్తబడ్డాయి' అన్నారు! ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇగ్ నోబెల్ అని ఒక సరదా బహుమతి ఇస్తారు. 2008లో అది వీరికి వచ్చింది. మన పెద్దవాళ్ళకి ఈ సంగతి ప్రయోగం లేకుండానే తెలుసు. అప్పడం చప్పుడు చేయకపోతే మళ్ళీ వేయించుకు రమ్మనేవారు మా మామగారు.

మా అత్తగారైతే ముందుగదిలో కూర్చునే 'అమ్మాయీ, నూనె చప్పుడు తగ్గింది, గారెలు తీసెయ్యి' అని కేకేసేవారు. ఆవిడకెలా తెలిసిందని అప్పట్లో ఆశ్చర్యంగా వుండేది. అసలు వేగేటప్పుడు వచ్చే ఆ చుర్రుమనే చప్పుడు నూనెది కాదండీ, పిండిలోని నీటిది. నీరు ఆవిరై బుడగలుగా బయటికొస్తూ అలా చప్పుడు చేస్తుంది. తడి తగ్గినకొద్దీ చప్పుడూ తగ్గుతుంది. అంటే గారె వేగిందన్నమాట. ఆవాలు చిటపటలాడటం కూడా అంతే, లోపలి తేమ ఆవిరై పొట్టు పగలడం. ఇలాంటి సంగతులు చక్కగా విడమరచి చెప్పే పాడ్‌కాస్టు ఒకటుంది, 'గ్యాస్ట్రోపాడ్' అని. సింథియా గ్రేబర్, నికోలా ట్విలీ అనే ఇద్దరు ఆడవాళ్ళు 2014లో మొదలుపెట్టారు. మొట్టమొదట్లోనే చెంచాల మీద ఒక కార్యక్రమం చేశారు. రాగి, జింకు చెంచాలు నాలుకకి చేదుగా, లోహపు వాసనగా తగులుతాయనీ, బంగారు పూత చెంచాతో తింటే తీపి మరింత కమ్మగా వుంటుందనీ లండన్లో చేసిన పరీక్షల గురించి అందులో చెప్పారు. అన్నప్రాశన నాడు బంగారు వుంగరంతో పాయసం నాకించే ఆచారం కొన్ని ఇళ్ళల్లో వుంది కదా, నాకు అదే గుర్తొచ్చింది. అలాగని చెంచా చేయించుకోమని చెప్పడం లేదు సుమండీ, నేటి బంగారం ధరకి!

ఇలాంటివి నాలుగు వింటే, మన పోపులపెట్టెనే కొత్తగా చూడటం అలవాటవుతుంది. మిరపకాయ సంగతే తీసుకోండి. గుంటూరు మిర్చి అంటే మన సొంత సొమ్మనుకుంటాం. అది పుట్టింది అమెరికా ఖండాల్లో. కొలంబస్ 1492లో అక్కడికి చేరాక, పోర్చుగీసువాళ్ళ ఓడల మీద పదహారో శతాబ్దంలో మన తీరానికి వచ్చింది. అంతకు ముందు కారమంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం. మిరియం, మిరప అనే పేర్లలోని పోలిక గమనించారా? టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జామ, బొప్పాయి, జీడిమామిడి కూడా ఆ ఖండాలనుంచి వచ్చిన చుట్టాలే. మన గోంగూర బంధువర్గం పుట్టిల్లు ఆఫ్రికా. మరి ఆవకాయలో మనదేముందీ అంటారా? మామిడికాయ వుంది, నువ్వుల నూనె వుంది, ఆవపిండి వుంది, అన్నిటికన్నా ముఖ్యం కలిపిన చెయ్యి వుంది.

ఇంకొంచెం గంభీరమైనది వినాలనుకుంటే బి.బి.సి. వారి 'ది ఫుడ్ ప్రోగ్రాం' వినండి. 1979లో డెరెక్ కూపర్ మొదలుపెట్టిన రేడియో కార్యక్రమం ఇది, ఇప్పుడు పాడ్‌కాస్టుగా కూడా దొరుకుతుంది. తిండిని కేవలం రుచిగా చూడకుండా, రైతు, కర్మాగారం, ధర, ఆరోగ్యం అన్నీ కలిపి వార్తలా విచారిస్తారు. అందులో పనిచేసే డాన్ సలడీనో, ప్రపంచంలో అంతరించిపోతున్న ధాన్యాలూ పళ్ళూ వెతుక్కుంటూ తిరిగి 2021లో ఒక పెద్ద పుస్తకమే రాశారు. ఇవన్నీ ఇంగ్లీషులో వుంటాయి, నిజమే. మొదట్లో వాళ్ళ యాస అందదు. వేగం తగ్గించుకునే మీట వుంటుంది, దాన్ని వాడుకోండి. నాలుగోసారికి చెవి అలవాటుపడుతుంది. హిందీ కొద్దిగా వచ్చినవాళ్ళకి 'ది నాన్ కర్రీ' వుంది. సదాఫ్ హుస్సేన్, అర్చిత్ పురి అనే ఇద్దరు మన దేశపు వంటల మీద హిందీ ఇంగ్లీషు కలిపి కబుర్లాడుకుంటారు.

అంతరించే ధాన్యాల మాట వచ్చింది కనక మన దగ్గరి సంగతి చెప్పాలి. జహీరాబాద్ దగ్గర మాచునూరు అనే పల్లెలో 2008లో సంగం రేడియో మొదలైంది. నడిపింది దళిత మహిళా రైతులు. పొలం పనులు చేసుకునే ఆడవాళ్ళే మైకు పట్టుకుని, కొర్రలు, సామలు, జొన్నలు, విత్తనం దాచే పద్ధతులు, ఆకుకూరలు, పండగ పాటలు తమ యాసలోనే చెప్పుకున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మనం నగరాల్లో కొర్రబియ్యం పాకెట్లు ఎక్కువ ధర పెట్టి కొంటున్నాం. వాటి సంగతులు ఆ ఆడవాళ్ళు పదిహేనేళ్ళ ముందే రేడియోలో చెప్పారు. తినేది మనమైనా తెలిసింది వాళ్ళకి. అటువంటి గొంతులు వినిపించే కార్యక్రమం ఎక్కడ దొరికినా వదలకండి.

వినేటప్పుడు కొంచెం విచక్షణ కూడా వుండాలి. మైకు చవకైపోయింది, ఎవరైనా మాట్లాడవచ్చు. 'ఈ కషాయం తాగితే షుగరు మాయం, మందులు పారేయండి' అనే మహానుభావులు పాడ్‌కాస్టుల్లోనూ వున్నారు. మాట్లాడేవారు ఏం చదివారు, మధ్యలో వచ్చే ప్రకటన దేనిది, చివర్లో ఏ పొడి కొనమంటున్నారు, ఇవి చూసుకోండి. డాక్టరుని అడగకుండా మందు మానకండి. ఇంకొకటి, పొయ్యి దగ్గర రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు. కుక్కరు కూతా వినపడదు, పిల్లాడి పిలుపూ వినపడదు. ఫోనుని మంటకి దూరంగా అలమరలో పెట్టి పైకే వినండి. మీతోపాటు పనమ్మాయీ వింటుంది.

నన్నడిగితే, వీటిని వినడంవల్ల కలిగే పెద్ద లాభం మరొకటుంది. మన ఇంట్లోనే ఎంత వినవలసినదుందో తెలుస్తుంది. మా పక్కింటి వదినగారి దగ్గర వాళ్ళమ్మగారి మాట ఒకటి ఫోన్లో వుంది. మాగాయ ముక్కలు ఎన్ని ఎండలు ఎండాలో చెప్పిన రెండు నిమిషాల మాట. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఏటా వేసవిలో అది పెట్టుకుని విని మాగాయ పెడతారు. 'ఉప్పు నీ చేతికి తెలుస్తుందే' అని ఆవిడ నవ్వుతుంది. వదినగారికి ఆ నవ్వు వున్నది ఆ రెండు నిమిషాల్లోనే. ఇంకా అడిగి వుంటే బాగుండేదని ఆవిడ ప్రతిసారీ అంటారు.

మీ ఇంట్లో అత్తగారో, అమ్మమ్మగారో వుంటే ఈ వారమే అడగండి. ప్రతి ఫోనులోనూ గొంతు రికార్డు చేసే సదుపాయం వుంటుంది. ఆవిడకి చెప్పి, ఒప్పించుకుని చేయండి, చాటుగా వద్దు. ఫ్యాను కట్టేయండి, ఫోను కింద మడతపెట్టిన తువ్వాలు వేయండి, లేకపోతే బల్ల చప్పుడు పడుతుంది. 'ఎన్ని గ్లాసులు, ఎన్ని చెంచాలు' అని మొదలుపెట్టకండి, పెద్దవాళ్ళు బిగుసుకుపోతారు. 'మీరు కాపరానికొచ్చిన కొత్తలో ఈ ఇంట్లో మొదట ఏం వండారు? ఎవరు నేర్పారు? బియ్యం దొరకని రోజుల్లో ఏం తినేవారు? ఎవరికి ముందు వడ్డించేవారు, మీరెప్పుడు తినేవారు?' అని అడగండి. చివరి ప్రశ్నకి కొందరు కాసేపు మాట్లాడరు. అప్పుడు ఫోను ఆపెయ్యకండి. తేదీ, ఆవిడ పేరు ముందే మీ గొంతుతో చెప్పి వుంచండి, పిల్లలకి పనికొస్తుంది. ఒక్కసారికి అరగంట చాలు. మిగతాది మర్నాడు, చేతిలో పని వున్నప్పుడు అడగవచ్చు. చింతపండు ఒలుస్తూనో, బియ్యం ఏరుతూనో అయితే వాళ్ళంతట వాళ్ళే చెబుతారు.